మొక్క నంబరు రెండువందల పదమూడు

గంజిగెడ్డ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగికి ఇచ్చే నంబరు మధ్యాహ్నం దాకానే చెల్లుతుంది. మొక్కకి ఇచ్చిన నంబరు మాత్రం కలకాలం చెల్లుతుంది. రోగి పోతే ఒక కాగితం రాసి ఊరుకోవచ్చు. మొక్క పోయిందంటే జిల్లా కేంద్రం నుంచి జీపు వస్తుంది. ఈ సంగతి అక్కడ ముప్ఫై ఒక్కేళ్ళుగా హెల్త్ అసిస్టెంటుగా పనిచేస్తున్న పైల తవిటినాయుడికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ నంబర్లు కట్టించింది ఆయనే మరి.

రెండేళ్ళ కిందట ‘పచ్చని ప్రాంగణం, ఆరోగ్య తోరణం’ అని ఒక పథకం వచ్చింది. ప్రతి ఆరోగ్య కేంద్రమూ ఐదువందల మొక్కలు పెంచాలన్నారు. ఒకే రోజున గోతులు తవ్వారు, ఒకే రోజున మొక్కలు పాతారు, ఆ రోజే ఫొటోలు దిగారు. మర్నాటి నుంచి నీళ్ళు పోసే నాథుడు లేడు. రెండు నెలలు తిరిగేసరికి సగం ఎండిపోయాయి, సగం మేకలు మేసిపోయాయి. అప్పుడొచ్చింది పై నుంచి ఒక పెట్టె. అందులో ఐదువందల ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళలు. బిళ్ళ మీద నంబరు, నంబరు కింద ఫోనుతో స్కాన్ చేసే గళ్ళ ముద్ర. శుక్రవారం లోపల మొక్కమొక్కకీ బిళ్ళ కట్టి ఫొటో పంపకపోతే బాధ్యులపై శాఖాపరమైన చర్య తప్పదని హెచ్చరిక.

తవిటినాయుడు పెట్టె పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చూశాడు. వానలకి కలుపు నడుమెత్తు పెరిగింది. వయ్యారిభామ, ఉత్తరేణి, జిల్లేడు, ముళ్ళకంప, పేరు తెలియని పొదలు. పాతిన మొక్క అన్నది మందుకైనా కనిపించలేదు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, ఆసుపత్రి తుడిచే పోలమ్మను పిలిచి అన్నాడు.

“బతికున్నదేదో ఒకటి చూసి కట్టీయే.”

రెండు రోజుల్లో ఐదువందల బిళ్ళలూ కలుపు మెడలో పడ్డాయి. ఫోనులో జాతి పేరు ఎంచుకోమంటే నాలుగే పేర్లున్నాయి. వేప, కానుగ, గన్నేరు, నేరేడు. ఆయన ఆ వరసలోనే నొక్కుకుంటూ పోయాడు. ఆ విధంగా వయ్యారిభామ వేప అయింది, ఉత్తరేణి కానుగ అయింది. మేకలు కూడా మూతి పెట్టని సరుకు కాబట్టి ఒక్కటీ చావలేదు. మనుగడ శాతం నూటికి నూరు. జిల్లాలో గంజిగెడ్డ మొదటి స్థానంలో నిలిచింది, తవిటినాయుడికి శాలువా కప్పారు. ఆ శాలువా ఇంట్లో బీరువా పైన మడతపెట్టి ఉంది.

ఈ ఏడు వానలు వెనకబట్టాక పోలమ్మకి జ్వరం తగిలింది. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చుకుని పెరట్లో జిల్లేడు నీడన కూర్చుని తినడం ఆవిడకి అలవాటు. ఆ జిల్లేడు నంబరు రెండువందల పదమూడు. నాలుగు రోజులైనా జ్వరం దిగదు. మలేరియా పరీక్ష చేస్తే కాదంది, టైఫాయిడ్ పరీక్ష చేస్తే కాదంది. ఆరు నెలల కిందటే ఉద్యోగంలో చేరిన డాక్టర్ నిస్సీ ఆవిడను లోపలికి తీసుకెళ్ళి నిలువెల్లా వెతికింది. చీర కుచ్చిళ్ళు దోపుకునే చోట, సిగరెట్టుతో కాల్చినట్టు, నల్లటి పక్కు కట్టిన మచ్చ కనిపించింది.

“ఇదెప్పుడు కుట్టింది?”

“ఏటో తెల్దు తల్లీ. కుట్టినట్టే నేదు. దురదెట్టిందా అంటే, దురదేటో సెమటేటో, నాకేటి తెలుస్తాది.”

“స్క్రబ్ టైఫస్,” అంది డాక్టరమ్మ తవిటినాయుడి వైపు తిరిగి. “కంటికి ఆనని నల్లి పిల్ల కుడితే వచ్చే జ్వరం. ఎలుకలు తిరిగే గుబురు గడ్డిలో ఉంటుంది. వానలు తగ్గి చలి మొదలయ్యే రోజులే దానికి పండగ. మాత్రలు వేస్తే రెండు రోజుల్లో లేచి కూర్చుంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.”

అన్నట్టుగానే మూడో రోజుకి పోలమ్మ చీపురు పట్టుకుని తిరిగింది. అక్కడితో అయిపోయేదే. కానీ ఆ వారంలోనే అవే మచ్చలతో మరో నలుగురు వచ్చారు. ఊళ్ళు వేరు, పనులు వేరు. నలుగురూ చేసిన పని ఒకటే, పోయిన నెలలో ఆసుపత్రికి వచ్చి పెరట్లో కూర్చోవడం. జబ్బు తగ్గించుకుందామని వచ్చినవాళ్ళకి జబ్బు అంటించి పంపుతున్నాం నాయుడుగారూ అని డాక్టరమ్మ తల పట్టుకుంది.

“తొమ్మిదో తారీకులోగా ఆ పొదలన్నీ కొట్టించెయ్యండి. ఆ రోజు గర్భిణులంతా పరీక్షలకి వస్తారు. వరండా చాలక పెరట్లోనే కూర్చుంటారు. పోలమ్మకి ఇచ్చిన మాత్ర వాళ్ళకి ఇవ్వకూడదు. వేరే మందు ఉందిగానీ, కనిపెట్టడం ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే.”

తవిటినాయుడి ఒక్కగానొక్క కూతురు హైమకి ఏడో నెల. మొన్ననే పురుటికి పుట్టింటికి తీసుకొచ్చారు. తొమ్మిదో తారీకున తనే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్తానని భార్యతో చెప్పి ఉన్నాడు.

“కొట్టడానికేటమ్మా, క్షణం పని,” అన్నాడు. అని, ఆగాడు. “కాకపోతే వాటికి నంబర్లున్నాయి.”

*

జిల్లా హరితారోగ్య సమన్వయాధికారి వైకుంఠరావు గదిలో నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ మొక్కలు ఉన్నాయి. వాటికీ బిళ్ళలు ఉన్నాయి. తవిటినాయుడు చేతులు కట్టుకుని నిలబడి, శాలువా సంగతి తలుచుకుని సిగ్గుపడుతూనే, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

“అవి మొక్కలు కావండి. కలుపండి. నా తప్పేనండి. కొట్టీయడానికి అనుమతి ఇప్పించండి.”

వైకుంఠరావు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. “కలుపు అనే జాతి మన పోర్టల్లోనే లేదు. లేని జాతి మీ ఆవరణలోకి ఎలా వస్తుందయ్యా?”

“కళ్ళారా చూస్తన్నామండి.”

“కళ్ళారా చూడటం తనిఖీ కిందికి రాదు. స్కాన్ చేస్తేనే తనిఖీ.” ఆయన కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. “నమోదైన మొక్కను తొలగించుటకు అనుమతించదగిన కారణములు మూడు. పిడుగు, తుఫాను, ఏనుగులు. వీటిలో మీది ఏది?”

“ఏదీ కాదండి. నల్లిపురుగండి.”

“పురుగు లేదు. ఏనుగు ఉంది.”

“మా వేపు ఏనుగులు రావండి.”

“అయితే మీకు ఆ సౌకర్యం కూడా లేదన్నమాట,” అని వైకుంఠరావు నిజంగానే జాలిపడ్డాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాసేపు ఆలోచించి ఒక దారి చూపించాడు. “పోనీ, ఇలా చేద్దాం. ఏ మొక్క వద్ద ఎన్ని పురుగులున్నవో నంబరు వారీగా నివేదిక సమర్పించండి. ఏదో ఒక మొక్క చేసిన నేరానికి ఐదువందల మొక్కలకీ శిక్ష వేయటం సహజ న్యాయానికి విరుద్ధం కదా. దోషులను గుర్తిస్తే అప్పుడు పరిశీలిస్తాం.”

తవిటినాయుడు బస్సులో కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదికి ఇంకా పదమూడు రోజులుంది.

కంటికి ఆనని పురుగును లెక్కపెట్టడం ఎలాగో డాక్టరమ్మకి తెలుసు. నల్లటి పలక గడ్డిలో నిలబెడితే అవి పాకి అంచుమీదికి చేరతాయట. పక్కనున్న బడి నుంచి పలకలు అడిగి తెచ్చారు. తవిటినాయుడు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పంట్లాము మేజోళ్ళలోకి దోపి, పొదపొదకీ ఒక పలక నిలబెట్టాడు. కాసేపటికి అంచుల మీద మిరప్పొడి రాలినట్టు ఎర్రటి చుక్కలు కదిలాయి. డాక్టరమ్మ భూతద్దంతో చూసి అంకె చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. వేప, నంబరు పదిహేడు, పురుగులు ముప్ఫై ఒకటి. కానుగ, నంబరు పద్దెనిమిది, పురుగులు ఇరవై ఆరు. నాలుగు రోజులు ఇదే పని. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, డాక్టరమ్మ పెరట్లో పలకలతో ఏం చదువుతోందో తెలియక, వరుసగా కూర్చుని చూశారు.

“నాయుడుబాబూ, మనుసుల్ని కూడా ఇంత పొందిగ్గా లెక్కెట్టినారేటి ఎప్పుడైనా?” అంది పోలమ్మ.

మొత్తం పదమూడు వేల నాలుగువందల పురుగులని తేలింది. నివేదిక వెళ్ళింది. మూడోనాడు జవాబు వచ్చింది. తవిటినాయుడు వరండాలో నిలబడి పైకి చదివాడు.

“విషయము: గంజిగెడ్డ ఆరోగ్య కేంద్ర ఆవరణలో జీవవైవిధ్యము, అభినందన తెలుపుట గురించి. సదరు కేంద్రము స్వయం కృషితో పదమూడు వేల నాలుగువందల జీవులకు ఆశ్రయము కల్పించినట్లు నివేదిక ద్వారా రూఢి అయినది. రాష్ట్రములో మరి ఏ ఆరోగ్య కేంద్రమునందును ఇంతటి జీవసంపద నమోదు కాలేదు. కావున పది అదనపు మార్కులు మంజూరు చేస్తూ, రాష్ట్ర ప్రథమ స్థానమునకు సిఫార్సు చేయడమైనది. రాష్ట్ర పరిశీలక బృందము తొమ్మిదవ తేదీన విచ్చేయును. ఆ సమయమున పదిమంది గర్భిణులు ఆకుపచ్చ చీరలు ధరించి, వనమునందు చాపలపై ఒక గంటకు తక్కువ కాకుండా సేదదీరుచుండవలెను. పేర్ల జాబితా వెంటనే పంపవలెను.”

డాక్టరమ్మ ఆ కాగితం లాక్కుని రెండుసార్లు చదివింది. వైకుంఠరావుకి ఫోను చేసి, గంట కూర్చుంటే జ్వరం ఖాయమని మొత్తుకుంది. ఆయన ఓపిగ్గా విన్నాడు. “మేడమ్, జ్వరం ఎప్పుడు బయటపడుతుంది?” అని అడిగాడు. పది రోజులకి అని ఆవిడ చెప్పింది. “అయితే తనిఖీకి ఇబ్బంది లేదు,” అని ఆయన ఫోను పెట్టేశాడు.

జాబితా రాసే పని తవిటినాయుడిది. రిజిస్టరు ముందేసుకుని మొదటి పదిమంది పేర్లూ ఎక్కించాడు. నాలుగో పేరు హైమ. ఆ పేరు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి కలం తీసి దాని మీద గీత కొట్టాడు. గీత కొడితే తొమ్మిదిమందే మిగిలారు. రిజిస్టరులో పదకొండో పేరు పైకి జరగాలి. ఆ పదకొండో పేరు పోలమ్మ కోడలిది.

పోలమ్మ ఎదురుగానే గచ్చు తుడుస్తోంది. చదువు రాదుగానీ, కొట్టిన గీత ఏమిటో అర్థమైంది.

“మీ పాప పేరు తీసీసినారా?”

ఆయన రిజిస్టరు మూసేశాడు.

“మంచి పని సేసినారు,” అందావిడ. “కడుపుతో ఉన్న పిల్ల. నాకైతే ఆ నాలుగు రోజులూ ఒంట్లో ఎముకలన్నీ ఎవులో ఇరిసినట్టుండీది. ఆ పిల్లకి ఒద్దు.” అంతకంటే ఏమీ అనలేదు. బాల్చీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని తవిటినాయుడికి అనిపించింది. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో రాసిన కాగితం ఒక్కటీ ఆయన చింపలేదు. ఆ రోజు జాబితా చింపేశాడు.

*

ఎనిమిదో తారీకు ఆదివారం. ఎండెక్కకముందే తవిటినాయుడు రెండు కొడవళ్ళు సానబెట్టుకుని వచ్చాడు. పోలమ్మ అప్పటికే పంగలకర్ర పట్టుకుని నిలబడి ఉంది. ముందుగా బిళ్ళలన్నీ విప్పి కొబ్బరితాడుకి వరసగా కట్టి, ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకి ఆరేశారు. ఆ తరవాత కొట్టడం మొదలుపెట్టారు. వేపలు, కానుగలు, గన్నేర్లు, నేరేళ్ళు, అన్నీ మధ్యాహ్నానికి పడిపోయాయి. దూరంగా కుప్పవేసి కాల్చేశారు. ఎలుకలు ఊరి పక్క పారే గెడ్డవైపు పరుగెత్తాయి. పెరడు చంటిపిల్లాడి గుండులా తయారైంది.

డాక్టరమ్మ సంగతి తెలిసి స్కూటరు మీద పరుగున వచ్చింది. తాడు మీద రెపరెపలాడుతున్న బిళ్ళల్ని, బోసిగా ఉన్న నేలను మార్చి మార్చి చూసింది.

“నాయుడుగారూ, మీ ఉద్యోగం పోతుంది.”

“పోతే ఇంటికెళ్తానమ్మా,” అన్నాడాయన కొడవలి గడ్డితో తుడుస్తూ. “ఇంటికెళ్ళాక అక్కడ నా కూతురుండాల. అదుంటే చాలు.”

*

తొమ్మిదో తారీకు పదకొండింటికి మూడు కార్లు వచ్చాయి. రాష్ట్ర పరిశీలకుడు చలపతిశర్మ దిగాడు. చేతిలో పలకంత ఫోను. దిగినప్పటి నుంచీ ఆయన చూపు ఆ ఫోను మీదే ఉంది. వెనకే వైకుంఠరావు. పెరడు చూడగానే వైకుంఠరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. తవిటినాయుడు గుండె రాయి చేసుకుని గోడవారన నిలబడ్డాడు. జాబితా లేకపోయినా, పరీక్షలకి వచ్చినవాళ్ళలో పదిమంది గర్భిణులు డాక్టరమ్మ చెప్పినట్టు ఆకుపచ్చ చీరల్లో వరండాలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళలో హైమ ఉంది, పోలమ్మ కోడలు ఉంది.

చలపతిశర్మ తాడు దగ్గరికి వెళ్ళాడు. ఫోను ఒకటో బిళ్ళకి చూపించాడు. టింగ్ మంది. “వేప. సజీవం.” రెండోది. టింగ్. “కానుగ. సజీవం.” అలా తాడు వెంబడే నడుస్తూ పోయాడు. నడినెత్తిన ఎండ. నేల మీద గడ్డిపరక లేదు. ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, “పచ్చదనం ఉన్నచోట గాలే వేరయ్యా,” అన్నాడు.

“చిత్తం,” అన్నాడు వైకుంఠరావు నీరసంగా.

తాడు చివరికి వచ్చేసరికి శర్మ భృకుటి ముడిపడింది. “నాలుగువందల తొంభై తొమ్మిది. రెండువందల పదమూడు ఏదీ?”

అందరూ వెతకడం మొదలుపెట్టారు. ముగ్గురు అధికారులు, ముగ్గురు డ్రైవర్లు, ఒక ఫొటోగ్రాఫరు ఆ గుండు నేల మీద వంగి వంగి రెండువందల పదమూడో మొక్క కోసం గాలించారు. మిగతా నాలుగువందల తొంభై తొమ్మిది ఎక్కడున్నాయని ఒక్కరూ అడగలేదు. ఇంత చక్కటి తోటలో ఒక్క మొక్క చావడం ఘోర నిర్లక్ష్యమని, ప్రథమ స్థానం మాట దేవుడెరుగు, సస్పెన్షన్ ఖాయమని శర్మ ప్రకటించాడు.

పోలమ్మ తవిటినాయుడి చెవిలో గొణిగింది. “మీ పురుగుల్లెక్క అయిపోయిన్నాడే దాన్ని బిళ్ళతో సహా పీకి గెడ్డలో పారేసినాను. నన్ను కుట్టించిన సెట్టుని ఒగ్గుతానేటి.”

వైకుంఠరావు తవిటినాయుడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. నుదుటి మీద చెమట కారిపోతోంది. “డూప్లికేట్ బిళ్ళ నా దగ్గరుంది. ఇదిగో. బతికున్నదేదో ఒకటి చూసి కట్టెయ్యవయ్యా.”

ఆ మాట విని తవిటినాయుడు నిలువునా ఆగిపోయాడు. రెండేళ్ళ కిందట తన నోటి నుంచి వచ్చిన మాటే అది. చుట్టూ చూశాడు. ఆకుపచ్చగా ఉన్నది ఏదీ లేదు, వరండాలో చీరలు తప్ప.

హైమ అరుగు దిగి వచ్చింది. తండ్రి చేతిలో బిళ్ళ చూసింది, ఆయన మొహం చూసింది. ముంజేయి చాపింది.

“నాకు కట్టీ నాన్నా. బతికే ఉన్నాను కదా.”

ఆయన గాజుల వెనక దారం ముడివేశాడు. చలపతిశర్మ వచ్చి ఫోను చూపించాడు. టింగ్.

“వేప. సజీవం,” అని చదివాడు శర్మ, తల ఎత్తకుండానే. “చుట్టుకొలత?”

డాక్టరమ్మ నెమ్మదిగా హైమ పరీక్షల కార్డు తెరిచి, “ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు,” అంది.

“కిందటి నెల?”

“ఎనభై మూడు.”

“అద్భుతమైన ఎదుగుదల. నీరు?”

“రోజుకి మూడు లీటర్లు తాగుతోంది.”

“ఎరువు?”

“ఐరన్ మాత్రలండి,” అన్నాడు తవిటినాయుడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నవ్వు నీళ్ళో ఏడుపు నీళ్ళో ఆయనకే తెలియదు.

ఐదువందలకి ఐదువందలు. చలపతిశర్మ మొదటిసారి ఫోను జేబులో పెట్టుకుని అందరితో కరచాలనం చేశాడు. కార్లు వెళ్ళిపోయాయి. ఆ రోజు కూర్చున్న పదిమందిలో ఒక్కరికీ జ్వరం రాలేదు. గంజిగెడ్డకి రాష్ట్ర ప్రథమ బహుమతి వచ్చింది, తవిటినాయుడికి రెండో శాలువా వచ్చింది.

*

హైమ ఆ బిళ్ళ విప్పలేదు. నవ్వు వచ్చినప్పుడల్లా దాన్ని చూసుకునేది. నొప్పులు మొదలైనప్పుడు పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి నర్సు చేతికున్నది గంజిగెడ్డవాళ్ళు కట్టిన రోగి బిళ్ళ అనుకుని స్కాన్ చేసింది. వారం తిరక్కుండా తవిటినాయుడికి తాఖీదు వచ్చింది. వేప, నంబరు రెండువందల పదమూడు, పూర్వానుమతి లేకుండా ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు తరలిపోయినట్లు ఉపగ్రహము ద్వారా తెలియవచ్చినదని, మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెనని.

ఆయన ఇక దాచదలుచుకోలేదు. కాగితం తీసుకుని అధికార భాషలోనే రాశాడు.

“అయ్యా, సదరు రెండువందల పదమూడు కాన్పు నిమిత్తము పెద్దాసుపత్రికి వెళ్ళినది. ఆడబిడ్డ పుట్టినది. తల్లీ బిడ్డా క్షేమముగా ఉన్నారు. మూడు నెలల అనంతరము అత్తవారింటికి వెళ్ళును. తిరిగి యథాస్థానములో పాతుటకు వీలుపడదు.”

ఈ దెబ్బతో ఉద్యోగం పోతుందని భార్యకి కూడా చెప్పి సిద్ధంగా కూర్చున్నాడు. పదో రోజున జవాబు వచ్చింది. ఉయ్యాల పక్కన కూర్చుని కవరు చింపాడు.

“మీ వివరణ సంతృప్తికరముగా ఉన్నది. రెండువందల పదమూడు నుండి పిలక వచ్చినందున గంజిగెడ్డ కేంద్రము మొక్కల సంఖ్య ఐదువందల ఒకటిగా సవరించడమైనది. చలికాలములో సైతము వృద్ధి సాధించిన ఏకైక కేంద్రము మీదే. ఈ స్ఫూర్తితో వచ్చే సంవత్సరమునకు మీ లక్ష్యము వెయ్యిగా నిర్ణయించడమైనది. బిళ్ళలు విడిగా పంపబడును.”

మనవరాలు నిద్రలో పిడికిలి విప్పి మూసింది. బయట కాలం కాని వాన పడుతోంది. ఆసుపత్రి పెరట్లో ఈపాటికి వయ్యారిభామ మొలకెత్తడం మొదలుపెట్టి ఉంటుంది. తవిటినాయుడు కాగితం మడిచి బీరువా పైన రెండు శాలువాల కింద పెట్టాడు. చూరులో దోపిన కొడవలి తీసి, సానరాయి కోసం వెతికాడు.